గరిగెకి బదులు చెంబు

నడుము కింద గంటమ్మకి ఇప్పుడు ఏమీ లేదు. ఉందనే అంటున్నారు, కళ్ళకి కనబడుతోంది కూడా, రెండు కాళ్ళూ ఎత్తి ఆ ఇనప పట్టాల మీద పెట్టి పచ్చగుడ్డ కప్పేశారు, కానీ అవి ఎవరివో కాళ్ళు, పక్కింటావిడ దగ్గర అరువు తెచ్చి పెట్టినట్టున్నాయి. వెన్నులో సూది గుచ్చిన మత్తు డాక్టరమ్మ తలదగ్గర స్టూలు వేసుకుని కూర్చుని "బొటనవేలు కదపండి చూద్దాం" అంది. గంటమ్మ కదిపింది, కదిపాననే అనుకుంది, వేలు మాత్రం నాకేం సంబంధం అన్నట్టు ఊరుకుంది. "భేష్" అంది డాక్టరమ్మ. పని చెయ్యనందుకు మెచ్చుకున్న మనిషిని గంటమ్మ ఇదే చూడడం. అసలు వింత అదీ కాదు, ఆమెకి బాత్రూంకి వెళ్ళాలని లేదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి కునుకు పట్టేదాకా, కునుకులో కూడా, పొత్తికడుపులో ఎవరో కూర్చుని తలుపు తడుతూనే ఉండేవారు, లే, లే, లే అని. ఆ తట్టేవాళ్ళు ఇవాళ ఊరెళ్ళిపోయారు. ఎంత నిశ్శబ్దంగా ఉందమ్మా ఒళ్ళు! మంట లేదు, పోటు లేదు. ఇలా ఉంటారా మనుషులు, ఇన్నాళ్ళూ బస్సుల్లో, సినిమాహాళ్ళలో, బడి మీటింగుల్లో అందరూ ఇంత హాయిగా కూర్చుంటున్నారా అని ఆమెకి లోకం మీద కాస్త కుళ్ళు కూడా పుట్టింది.

గంటమ్మ ఆమె అసలు పేరు కాదు లెండి. మందుల ఫ్యాక్టరీలో పెట్టిన పేరు, గంటకోసారి లేచి పరిగెడుతుందని. సూదిమందు సీసాలు బెల్టు మీద వరసగా నడిచొస్తుంటాయి, ఎదురుగా తెల్లలైటు, సగం తెల్లబోర్డు, సగం నల్లబోర్డు. మెడ పట్టుకుని ఎత్తాలి, ఒక్క తిప్పు తిప్పాలి, మందు లోపల సుడి తిరుగుతుంటే చూడాలి. తెల్ల నలుసు నల్లబోర్డు ముందు దొరుకుతుంది, నల్ల నలుసు తెల్లబోర్డు ముందు. గాజుపెంకు, నూలుపోగు, రబ్బరు తునక, ఒకసారి చీమ కాలు. వట్టి కాలు! ఆమె కంటిని దాటిపోయిన నలుసు లేదని సూపర్‌వైజరు తనిఖీకి వచ్చినవాళ్ళ దగ్గర గొప్పలు పోతాడు, ఆమె లేచి నిలబడిందంటే మాత్రం "మళ్ళీనా తల్లీ! బెల్టు ఆపమంటావా?" అని నుదురు కొట్టుకుంటాడు. డాక్టర్లు కూడా తక్కువ తినలేదు. ఒకాయన నరాల బలహీనత అన్నాడు, ఒకావిడ వయసు అంది, ఇంకొకాయన నీళ్ళు బాగా తాగమన్నాడు, తాగితే ఇంకా వెళ్ళాలి కదయ్యా మహానుభావా అంటే నవ్వాడు. చంకలో పిల్లని పెట్టుకుని సంతంతా వెతకడమంటే ఇదే. ఎవరెవరి సీసాల్లోనో నలుసులు ఏరిన మనిషి, తన సీసాని ఒక్కసారి లైటు ముందు పెట్టి చూసుకోలేదు. పెట్టి చూద్దామన్నది చివరికి ఇవాళ ఆపరేషను చేస్తున్న ఈ డాక్టరే. పొట్టకి ఎక్స్‌రే తీయించి, ఆ ఫిల్ము కిటికీకి పట్టుకుని చూశాడు.

ఆ గదే ఆమె కళ్ళముందు తిరుగుతోంది రెండు వారాలుగా. ఫిల్ములో నల్లటి పొట్ట, అందులో కోడిగుడ్డంత తెల్లరాయి, రాయి నడిబొడ్డున ఇంకా తెల్లగా, చేతులు చాపిన బొమ్మలా ఒక చిన్న గీత. "కాపర్ టీ ఎప్పుడైనా పెట్టించుకున్నారా అమ్మా?" అన్నాడు డాక్టరు. గంటమ్మ నోరు తెరిచేలోగా ఆమె మొగుడు కుర్చీలోంచి ఎగిరి లేచాడు. ఆయన కుళాయిల మేస్త్రి. ఏ ఇంట్లో ఏ గొట్టంలో ఏం అడ్డం పడిందో చెప్పగలడు గానీ ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. "అదా! అది పడిపోయిందన్నారే! అది పెట్టించాకే కదండీ మా చిన్నది కడుపున పడింది! దొంగది, ఇక్కడ దాక్కుందా!" అని చప్పట్లు కొట్టినంత పని చేశాడు. చిన్నది పక్కనే ఉంది, మందుల చీటీలు గుండెకి ఆనించుకుని. ఇరవయ్యేళ్ళ పిల్ల, నర్సు చదువు చదువుతోంది, కాపర్ టీ ఎందుకు పెడతారో ఆ పిల్లకి ఒకరు చెప్పాలా? ఫిల్ము వంక చూసింది, నాన్న వంక చూసింది, ఆఖర్న అమ్మ వంక చూసి, చాలా మామూలుగా, బస్సు ఎన్నింటికి అని అడిగినట్టు "అయితే నేను వద్దనుకుంటే పుట్టినదాన్నా అమ్మా?" అంది. అప్పుడే, సరిగ్గా అప్పుడే, ఆ పొత్తికడుపులో కూర్చున్నది తలుపు బాదింది. గంటమ్మ లేచి పరిగెత్తింది. ఏం చేస్తుంది మరి, నిలబడితే అక్కడే పరువు పోతుంది. తిరిగొచ్చేసరికి కూతురు చీటీలు సంచిలో సర్దేసి లేచి నిలబడి ఉంది. "పదండి" అంది. అంతే. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఇవాళ్టిదాకా అన్నీ చేసింది, ఆస్పత్రిలో చేర్చింది, దుప్పటి తెచ్చింది, తల దువ్వింది, ఒక్క అమ్మా అన్న పిలుపు మాత్రం ఎక్కడో పెట్టి మర్చిపోయినట్టుంది. ఇందాక ఈ గది తలుపు దాకా వచ్చి "భయపడకు" అని వెనక్కి తిరిగింది. ఏం చెప్పాలి దానికి? అబద్ధమాడితే కనిపెట్టేస్తుంది. నిజం చెబుదామంటే ఆ నిజం తన నోటికి చేదుగా ఉంది.

"అటు టీవీ వంక చూస్తూ ఉండండి, పొద్దుపోతుంది" అంది డాక్టరమ్మ. డాక్టరు ఆమె మోకాళ్ళ మధ్య స్టూలు మీద సర్దుకుని కూర్చున్నాడు, చేతిలో పెన్సిలంత గొట్టం, దాని చివర దీపమూ కన్నూనట. "గోడకి అతుక్కోకపోతే వచ్చిన దారినే తీసేస్తా. అతుక్కుంటే పొట్ట కోయక తప్పదు. ముందు చూద్దాం" అని ఎవరికో చెప్పినట్టు చెప్పాడు. టీవీలో ముందు మసక. తర్వాత మెరుపులా నీళ్ళు. తర్వాత, అమ్మో, ఒక గది తెరుచుకుంది! గులాబీరంగు గది, మూలలు లేని గది, గోడలంతా సన్నటి ఎర్రటి నరాలు, రావాకుని వెలుతురుకి పట్టి చూస్తే ఈనెలు కనబడతాయే, అచ్చం అలా పాకి ఉన్నాయి. పైకప్పున ఒక గాలిబుడగ తేలి వెన్నెల బిళ్ళలా మెరిసింది. గంటమ్మ ఊపిరి బిగబట్టింది. "ఇది... నేనేనా?" అంది. "ఇంకెవరండీ, మీరే. మీ మూత్రసంచి" అన్నాడు డాక్టరు తల తిప్పకుండా. తిట్టుకుంది కదా ఈ గదిని, పాడు పొట్ట, దిక్కుమాలిన పొట్ట, ఎక్కడికెళ్ళినా పరువు తీసే పొట్ట అని నోటికొచ్చినట్టల్లా తిట్టుకుంది, ఇది చూస్తే ఇంత అందంగా ఉంది, దీపమంటూ ఎరగని చోట ఇంత శ్రద్ధగా ఎవరు గీశారు ఈ గీతలన్నీ, ఎవరూ చూడని చోట ఇంత పనితనం ఎందుకు? "ఆ మూల చూడండి, చిన్న చీలిక ఉంది" అన్నాడు డాక్టరు. చూసింది. పసిపిల్ల పెదవుల్లా ముడుచుకున్న చీలిక. అది ఉన్నట్టుండి తెరుచుకుంది, లోపలి నీళ్ళలో ఒక సన్నటి సుడి లేచింది, నీళ్ళలో చక్కెర కరిగేటప్పుడు కనబడీ కనబడనట్టు లేస్తుందే, అలాంటిది, వెంటనే మూసుకుంది. ఆ సుడి ఇంకొకరైతే చూసేవారు కాదు, గంటమ్మకి అదే కదా బతుకు, సుడి చూడడం. "కిడ్నీ నుంచి ఇప్పుడే దిగింది. అటువైపు ఇంకొకటుంది. వంతులేసుకుని పోస్తుంటాయి" అన్నాడు. అటు చీలిక తెరుచుకుంది, మూసుకుంది. మళ్ళీ ఇటు. ఎవరు చెప్పారు వాటికి? ఆమె నిద్రపోయినప్పుడు, మొగుడితో పోట్లాడినప్పుడు, బెల్టు ముందు కళ్ళు కాయలు కాసేలా చూస్తున్నప్పుడు, కూతురు ఆ మాట అడిగినప్పుడు కూడా ఇవి ఇలా తెరుచుకుంటూ మూసుకుంటూనే ఉన్నాయన్నమాట, ఇంటావిడ ఎలా ఉందో ఏమిటో అని అడక్కుండా. ఆమెకి కళ్ళు చెమర్చాయి. "నొప్పిగా ఉందా?" అని డాక్టరమ్మ వంగింది. "అబ్బే. బాగుందండీ. చాలా బాగుంది" అంది గంటమ్మ, సిగ్గుపడుతూ.

గొట్టం కిందికి వంగింది, గది నేల కనబడింది, నేల మీద అది. పసుపూ బూడిదా కలిసిన రంగు, గరుకు, పక్కన వెలిసిన దారప్పోగు తోకలా తేలుతూ ఉంది. ఆ దారమే, ఆరోగ్యకేంద్రంలో లావుపాటి నర్సు వెతికింది ఆ దారమే. పెద్దాడు నడక నేర్చిన ఏడు అది, మొగుడికి పని లేదు, కొత్త ఇళ్ళు కట్టేవాళ్ళు లేరు, పాత గొట్టాలు పగిలినా గుడ్డ చుట్టుకుని సరిపెట్టుకుంటున్నారు జనం. ఇప్పుడు ఇంకొకరు వద్దు అనుకున్నారు ఇద్దరూ, దీపమార్పి, గుసగుసగా, పడుకున్నవాడు లేస్తాడని. పెట్టించుకుంది. కొన్ని నెలలకి ఒంట్లో తేడాగా ఉంటే వెళ్ళింది, నర్సు వెతికి వెతికి "దారం తగలడం లేదు, పడిపోయి ఉంటుంది, బాత్రూంలో చూసుకోలేదా?" అని చెయ్యి కడుక్కుంది. పడిపోయి ఉంటుంది! ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె మొగుడు ఇంట్లో మోరీలన్నీ ఊడదీశాడు, మేస్త్రి కదా, పడ్డది దొరక్కపోతే ఆయనకి నామర్దా. దువ్వెన దొరికింది, చెంచా దొరికింది, పెద్దాడి గోలీ దొరికింది, అది దొరకలేదు. ఎలా దొరుకుతుంది, ఆ సమయానికే అది గర్భసంచి గోడ తొలుచుకుని పక్క గదిలోకి మకాం మార్చేసిందట. అటు గదిలో చోటు ఖాళీ అయింది. ఖాళీ అయిన చోటికి చిన్నది వచ్చింది. కబురు తెలిసిన రోజు గంటమ్మ ఏడ్చింది. అవును, ఏడ్చింది, ఎందుకు దాచాలి, వారం రోజులు ఏడ్చింది. తర్వాత ఏమైందో ఆమెకి గుర్తులేదు. ఒకనాడు బెల్టు ముందు కూర్చుని సీసా తిప్పుతుంటే లోపల ఏదో చేపపిల్లలా మసిలింది, ఆమె సీసా పట్టుకుని అలాగే ఉండిపోయింది, ఆ సీసాని రెండుసార్లు చూసింది, నవ్వింది. అప్పటి నుంచి ఏడవలేదు. ఆ ఏడుపుకీ ఈ నవ్వుకీ మధ్య ఏ మాట పెట్టాలో తెలిస్తే కూతురికి చెప్పేసి ఉండేది కదా.

"అతుక్కోలేదు" అన్నాడు డాక్టరు, గొంతులో సంతోషం దాచుకోకుండా. "ఊగుతోంది చూడండి." ఇంకొక సన్నటి తీగ వచ్చింది, దాని చివర పచ్చటి చుక్క, లేజరట, ఆ చుక్క రాయిని తాకిన చోట టకటకటక అని పొడి లేస్తోంది, గదంతా మంచు కురిసినట్టయింది. సీసాలో ఇన్ని నలుసులుంటే బెల్టేం ఖర్మ, ఫ్యాక్టరీనే మూసేసేవారు. రాయి పొరలు పొరలుగా విడుతోంది. ఒక్కొక్క పొరా ఒక్కొక్క ఏడు కాబోలు, ఇది చిన్నది బడికెళ్ళిన ఏటిది, ఇది దానికి పొంగు పోసిన ఏటిది, ఇది పెద్దాడు ఉద్యోగంలో చేరిన ఏటిది. పరాయి వస్తువు ఇంట్లో దూరితే ఒళ్ళు ఏం చేసింది? తరమలేకపోయింది. తరమలేక, గుచ్చుకోకుండా దాని చుట్టూ తనకున్న సున్నమే పూసుకుంటూ కూర్చుంది, అమ్మమ్మ గోడలకి పూసినట్టు, ఏటికో పూత. అమ్మమ్మ! ఆ వీధిలో ఇంటికో నుయ్యి, ఎవరి నూతిలో ఏది పడ్డా అమ్మమ్మ గుమ్మంలోకే వచ్చేవారు, వీధి మొత్తానికి పాతాళ గరిగె ఉన్నది ఆవిడ దగ్గరే కాబట్టి. ఇనప కడియానికి చుట్టూ వంకర కొక్కేలు, తాడు కట్టి నూతిలో దింపి అడుగంతా దేవితే బిందె గానీ బకెట్టు గానీ తగులుకుని వస్తుంది. కానీ ఊరికే ఇచ్చేది కాదు ఆవిడ. గరిగె తీసుకుంటే చెంబు పెట్టాలి. ఏదో ఒకటి, ఇంట్లో వాడుకునేది, గుమ్మంలో పెట్టి గరిగె పట్టుకెళ్ళాలి, గరిగె తెచ్చిచ్చి వస్తువు పట్టుకెళ్ళాలి. ఒకసారి ఎదురింటాయన సొట్ట చెంబొకటి పెట్టి పట్టుకెళ్ళాడు, తాడు తెగి గరిగె నూతిలోనే ఉండిపోయింది. చెంబు ఇక్కడ ఉండిపోయింది. ఏళ్ళు గడిచాయి, అమ్మమ్మ ఆ చెంబుతోనే తాగింది, ఆ చెంబుతోనే మనవలకి పోసింది. ఒక ఎండాకాలం నుయ్యి పూడిక తీయిస్తే గరిగె దొరికింది, ఎదురింటాయన తోమి తళతళలాడించి తెచ్చి "ఇదిగోనమ్మా మీ గరిగె, మా చెంబు ఇచ్చెయ్యండి" అన్నాడు. అమ్మమ్మ గరిగె చూసింది, చెంబు చూసింది. "గరిగె మీరే ఉంచుకోండి నాయనా. చెంబు మాత్రం ఇవ్వను" అంది. ఆ చెంబు ఇప్పుడు గంటమ్మ ఇంట్లో ఉంది. చిన్నది చిన్నప్పుడు అందులో పోస్తే గానీ నీళ్ళు తాగేది కాదు, పడుకునేటప్పుడు ఆ కథ చెప్పు అని ప్రాణం తీసేది, ఆఖరి మాట ఇద్దరూ కలిసి అనాలి, చెంబు మాత్రం ఇవ్వను!

నీళ్ళు తేరుకున్నాయి. గది నేల మీద రాయి లేదు. నల్లబడ్డ చిన్న బొమ్మ ఒకటి, రెండు చేతులూ చాపుకుని, ఒంటికి చుట్టుకున్న సన్నటి రాగి తీగతో, వెల్లకిలా పడి ఉంది. ఎంత చిన్నది! చిటికెన వేలంత లేదు. దీనికోసమా ఇన్నేళ్ళు పరుగులు! తీగకి రెండు దవడలు మొలిచాయి, తెరుచుకుంటూ దాని మీదికి వస్తున్నాయి, పాతాళ గరిగె దిగింది అనుకుంది గంటమ్మ, నవ్వొచ్చింది, వచ్చిన నవ్వు గొంతులోనే ఆగిపోయింది. గరిగె తెచ్చిచ్చినవాళ్ళు చెంబు అడుగుతారు కదా. ఆనాడు ఒళ్ళు ఈ రాగి ముక్కని లోపలికి తీసేసుకుని, బదులుగా ఆ పిల్లని గుమ్మంలో పెట్టింది. ఇప్పుడు రాగి ముక్క తిరిగి ఇచ్చేస్తోంది. మరి పిల్ల? పిచ్చి ఆలోచన, ఆమెకీ తెలుసు పిచ్చిదని, అయినా అది వదల్లేదు, అమ్మా అనడం మానేసిన పిల్ల, "పదండి" అన్న పిల్ల, ఇప్పటికే సగం వెళ్ళిపోయిన పిల్ల. "ఆగండి!" అని అరిచింది. దవడలు ఆగాయి. డాక్టరు మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. "నొప్పా అమ్మా?" టీవీలో ఆ మూల చీలిక తెరుచుకుంది, సుడి లేచింది, మూసుకుంది. అటువైపుది తెరుచుకుంది. ఎవరినీ అడక్కుండా, వంతు తప్పకుండా. వద్దన్నది తను, తన నోరు, తన భయం. ఈ లోపలిది ఎప్పుడు వద్దంది? ఇది ఒకసారి కూడా వద్దనలేదు. అడ్డం పెట్టినదాన్ని పక్క గదిలోకి నెట్టి, పడక వేసి, దీపం లేకుండానే ఆ పిల్లకి కళ్ళూ ముక్కూ గోళ్ళూ చెక్కి, ఇవతల గుచ్చుకుంటున్నదానికి సున్నం పూస్తూ, ఇల్లు కదలనివ్వకుండా కాచుకుంది. ఇంతటిదా నేను? ఇది నేనేనా? "లేదండీ" అంది గంటమ్మ. "తీసెయ్యండి."

ఆ తర్వాత పరుపుల గది, కిటికీ, ఎండ. కాళ్ళు ఇంకా అరువు కాళ్ళే. మొగుడు వచ్చి "గొట్టం సైజెంతట?" అని అడిగాడు ముందుగా, తర్వాత ఆమె నుదుటి మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తియ్యడం మర్చిపోయాడు. కూతురు కాళ్ళ దగ్గర నిలబడింది, సంచి భుజానికి తగిలించుకునే ఉంది. నర్సు చిన్న సీసా తెచ్చి గంటమ్మ చేతికిచ్చింది, నీళ్ళలో ఆ నల్లబొమ్మ. అలవాటైన చెయ్యి ఊరుకుంటుందా, మెడ పట్టుకుని ఎత్తి, కిటికీ వెలుతురుకి పెట్టి, ఒక్క తిప్పు తిప్పింది. అది చేతులు చాపి గిర్రున తిరిగింది. సుడి ఆగేదాకా చూసింది.

"అడిగావు కదే ఆ రోజు" అంది కూతురితో. "జవాబు చెప్పకుండా పరిగెత్తాను. ఇప్పుడు పరిగెత్తాలన్నా కాళ్ళు లేవు, విను. వద్దనుకున్నాం. నిజమే. నువ్వని తెలీదు, అయినా వద్దనుకున్నాం, నువ్వొచ్చావని తెలిసి వారం ఏడ్చాను."

"నీకు ఇప్పుడే చెప్పాలా" అని మొగుడు గొణిగాడు. కూతురి గడ్డం చిన్నప్పటిలా వణికింది.

"కానీ ఇవాళ లోపల చూశానే. నా లోపల. నేను వద్దంటుంటే అది నీకు చోటు చేస్తూ కూర్చుంది, దీన్ని పక్కకి నెట్టి. నా మాట వినలేదు. వినకపోవడం ఎంత మంచిదైంది, తల్లీ, ఎంత మంచిదైంది!"

నర్సుకి ఇవేమీ పట్టలేదు, ఆమెకి పక్క మంచాలు కూడా ఉన్నాయి. "అది ఇంటికి పట్టుకెళ్తారా అమ్మా, మమ్మల్నే ఉంచుకోమంటారా?" అంది చెయ్యి చాపి. మొగుడు "ఇవ్వండి ఇవ్వండి" అంటూ ముందుకొచ్చాడు. గంటమ్మ ఆయన చేతిని తప్పించి సీసాని నర్సుకి ఇచ్చేసింది.

"గరిగె మీరే ఉంచుకోండి" అంది, కూతురి వంకే చూస్తూ.

కూతురు పెదవులు కదిలాయి. భుజం మీది సంచి జారి కింద పడింది, పడ్డది పడ్డట్టే ఉంది. మిగతా మాట ఇద్దరూ కలిసి అన్నారు, ఒక గొంతు బొంగురుగా, ఒక గొంతు ఏడుస్తూ: "చెంబు మాత్రం ఇవ్వను!"

"ఏ చెంబండీ?" అంది నర్సు, మంచం కిందికి వంగి చూస్తూ. "ఇక్కడ చెంబేం లేదే."

కూతురు తల్లి పాదం రెండు చేతులతో పట్టుకుంది. గంటమ్మకి ఆ పట్టు ఇంకా తెలియలేదు, కళ్ళతో చూసింది.

"నేనండీ" అంది ఆ పిల్ల, ముక్కు ఎగబీలుస్తూ. "మా అమ్మ చెంబుని నేనే."